టెక్సాస్ అకార్డియన్, మెట్‌పల్లి మీసం

దుబాయ్‌లో సౌండు లైనుకు పోదామనుకునేవాళ్ళు జగిత్యాలలో మా ఇంటికి వారానికొకరైనా వస్తారు. ఏ కోర్సు చేయాలి, ఏ మిక్సరు నేర్చుకోవాలి అని అడుగుతారు. మిక్సరు ఆరు నెలల్లో వస్తుంది. దాని ముందు నిలబడ్డవాడు ఎప్పుడు చెవి తెరవాలో, ఎప్పుడు నోరు మూయాలో తెలుసుకోవడానికి నాకు ఇరవై ఆరేళ్ళు పట్టింది. అదీ సగమే వచ్చింది.

నా పేరు సత్తయ్య. దుబాయ్ హోటళ్ళలో పెళ్ళిళ్ళకు, మీటింగులకు, పాటగాళ్ళకు సౌండు చూశాను. నిరుడు అన్నీ సర్దుకుని ఇల్లు చేరాను. నా హోదా ఎప్పుడు మారింది, వీసా ఎన్నిసార్లు కొట్టించుకున్నాను అనేవి ఇక్కడ రాయను. అవి నాకే సరిగ్గా గుర్తులేవు. చివరి హోటల్లో జరిగిన ఒక్క సంగతి మాత్రం వివరంగా రాస్తాను. నా పనిలో నేను చేసిన పెద్ద తప్పు అక్కడే ఉంది.

ముదీర్ గారి మీట

సౌండువాడి పైన ఉండే బాసులు రెండు రకాలు. వినేవాళ్ళు కొందరు, తిప్పేవాళ్ళు కొందరు. మా ముదీర్, అంటే మేనేజరు, నబీల్ రెండో రకం. మనిషి చెడ్డవాడు కాదు. పనివాళ్ళకు జ్వరమొస్తే స్వయంగా మందులు తెచ్చి ఇచ్చేవాడు. కానీ మిక్సరు కనిపిస్తే చాలు, ఆయన చెయ్యి ఆగేది కాదు. ఒక పెళ్ళిలో పిల్ల తండ్రి కన్నీళ్ళు పెట్టుకుంటూ మాట్లాడుతుంటే ఈయన వచ్చి ఏదో తిప్పాడు. స్పీకర్లు కుయ్యిమని అరిచాయి. ఆ తండ్రి భయపడి మైకు కిందపడేశాడు.

ఆ వారమే నేనొక రేకు డబ్బా సంపాదించి, దానికి పెద్ద మీట ఒకటి, ఎర్ర లైటు ఒకటి బిగించాను. దాని తీగ బల్ల కిందికి పోయి అక్కడే ఆగిపోతుంది. మొత్తం సౌండు దీని చేతిలోనే ఉంది సార్, ఇది మీకు మాత్రమే అని చెప్పాను. అప్పటినుంచి ఆయన వచ్చి ఆ మీటను కొంచెం కుడికి తిప్పి, కళ్ళు మూసుకుని విని, ఇప్పుడు బాగుంది అని వెళ్ళేవాడు. ఒకసారి ఎడమకు తిప్పి, ఇప్పుడు ఇంకా బాగుంది అన్నాడు.

మీరూ అలాంటి డబ్బా ఒకటి చేసిపెట్టుకోండి. అబద్ధం కదా అంటారేమో, అబద్ధమే. కాకపోతే దాన్ని చూసి నవ్వుకున్నన్నాళ్ళూ నేను గమనించని సంగతి ఒకటుంది. ఆయన ఉత్తుత్తి మీటతో ఏం చేస్తున్నాడో, నిజం మీటలతో నేనూ అదే చేస్తున్నాను. నాకు నచ్చింది మాత్రమే జనానికి వినిపిస్తున్నాను.

ఎంపిక విధానం

ఆ హోటల్లో ఒక మెక్సికన్ రెస్టారెంటు ఉండేది. అందులో పాడే ఫిలిప్పీన్స్ బృందం కరోనా మొదలైనప్పుడు ఇంటికి వెళ్ళిపోయింది. మరుసటి ఏడాది రెస్టారెంటు మళ్ళీ తెరిచే నాటికి బోర్డు మీద ‘మెక్సికన్ లైవ్ సంగీతం’ అని అచ్చయిపోయింది. బోర్డు ఉంది, టోపీలు ఉన్నాయి, మనుషులు లేరు.

నబీల్ నేరుగా లాండ్రీలోకి నడిచాడు. ఆవిరి మిషన్ల దగ్గర వరసగా నిలబడ్డ పదిహేను మందిని చూసుకుంటూ పోయి, గంగారాం దగ్గర ఆగాడు. గంగారాంది మా జిల్లాలోనే మెట్‌పల్లి పక్క ఊరు. దుబాయ్‌కి అవతల ఉమ్ అల్ క్వైన్‌లో షెడ్ల మీద రేకులు బిగించే పని నాలుగేళ్ళు చేసి, ఎండదెబ్బకు ఒకసారి పడిపోయి, ఎట్లాగో లాండ్రీకి మారాడు. పాట రాదు, గిటారు రాదు. కానీ అతని మీసం రెండు వైపులా కొసలు తిరిగి, దూరం నుంచి చూస్తే ఏ దేశానికైనా పనికొచ్చేటట్టు ఉండేది. ముదీర్ దాన్ని చూపిస్తూ ‘ఖలాస్, ఇతనే లీడరు’ అన్నాడు. తోడుగా ఒక నేపాలీనీ ఒక బెంగాలీనీ తీసుకున్నాడు.

నేను మరియాచీ అనే మెక్సికన్ పాటల రికార్డు ట్రాకు వేసేవాణ్ణి. వయొలిన్లు, ట్రంపెట్లు, మంచి గొంతు, అన్నీ అందులోనే ఉన్నాయి. ముగ్గురూ బండిచక్రాలంత టోపీలు పెట్టుకుని పెదవులు కదిపేవాళ్ళు. గంగారాం గిటారుకు నాలుగు తీగలే ఉండేవి, అవీ వదులుగా. వయొలిన్ ఏడ్చినప్పుడు గుండె మీద చెయ్యి వేసుకుని కళ్ళు మూయడం అతను సొంతంగా కనిపెట్టాడు. జనం ఫొటోలు దిగారు. మీది ఏ ఊరు అని ఒక టూరిస్టు అడిగితే, గంగారాం నిజమే చెప్పాడు, మెట్‌పల్లి అని. ఆ పెద్దమనిషి, అయ్యో నేనక్కడికి వెళ్ళాను, సముద్రం చాలా బాగుంటుంది అన్నాడు.

గంగారాంకు మాత్రం ఇది నవ్వులాట కాదు. రోజుకు నాలుగు గంటలు ఆవిరి లేకుండా, ఏసీలో నిలబడటం అది. మెడ మీద చెమటకాయలు తగ్గాయని నాకు చూపించాడు.

ఆర్డర్ ఒకటి, వచ్చింది ఇంకొకటి

వీకెండు శుక్రవారం నుంచి శనివారానికి మారిన ఏడాదికల్లా, శనివారం మధ్యాహ్నం భోజనాలకు గిరాకీ పెరిగింది. హోటలు యజమాని, మేమంతా అర్బాబ్ అని పిలిచే పెద్దాయన, ఇంకో మెక్సికన్ బృందాన్ని కూడా పిలిపించమన్నాడు. ఆయన ఎమిరాతీ. మెత్తగా మాట్లాడే మనిషి, రెండేళ్ళుగా గంగారాంను చూస్తున్నాడు. పాపం, అతను మెక్సికో నుంచి వచ్చాడనే అనుకుంటున్నాడు. ఆ సంగతి ఆయనకు చెప్పే పని ఎవరూ నెత్తిన వేసుకోలేదు.

ఏజెంటు ఇద్దరిని పంపాడు. మారిసోల్ అనే ముప్పై ఏళ్ళ అమ్మాయి, ఆమె బాబాయి రూబెన్. టెక్సాస్‌లోని సాన్ ఆంటోనియో వాళ్ళది. ఆమె చేతిలో బొత్తాల అకార్డియన్, ఆయన చేతిలో పన్నెండు తీగల లావాటి గిటారు, ఆమె కాలి దగ్గర దరువులు పలికించే చిన్న యంత్రం. టోపీల్లేవు, వయొలిన్లు లేవు. నబీల్ పాస్‌పోర్టులు తెరిచి చూసి, నా వైపు తిరిగి చాలా బాధగా అన్నాడు.

‘సత్తయ్యా, నేను మెక్సికన్ ఆర్డర్ ఇస్తే అమెరికన్ వచ్చింది.’

మారిసోల్ తాత మెక్సికో నుంచి టెక్సాస్ పత్తి చేలల్లోకి పనికి వచ్చాడట. ఆమె, ఆమె తండ్రి, రూబెన్, అందరూ టెక్సాస్‌లోనే పుట్టారు. మీరు అసలు ఎవరు అని అడిగితే, అడిగేవాళ్ళను బట్టి మారుతుంటుంది అంది. టెక్సాస్‌వాళ్ళకు మెక్సికన్లం, మెక్సికో వెళితే అమెరికన్లం, ఇప్పుడు దుబాయ్‌లో తప్పుడు పార్సిలు అని నవ్వింది.

తీగలు సర్దుకుంటున్నప్పుడు ఆమె ఇంకో మాట చెప్పింది. రూబెన్ వారమంతా ఇళ్ళ కప్పులు వేసే పని చేస్తాడు, శని ఆదివారాలు పెళ్ళిళ్ళలో వాయిస్తాడు. అట్లా నలభై ఏళ్ళు. ఇప్పుడు అరవై ఒకటి. నెల రోజుల పరీక్ష గడిస్తే హోటలు ఏడాది కాంట్రాక్టు ఇస్తుంది. ‘మా బాబాయి ఒక్క ఏడాదైనా కప్పు ఎక్కకుండా, సంగీతం వాయించి మాత్రమే బతకాలని నా కోరిక’ అంది. ఆయన తన గిటారును బట్టతో తుడుస్తూ వినిపించనట్టే ఉన్నాడు.

మొదటి శనివారం వాళ్ళు వాయించారు. అకార్డియన్ పాత పల్లె పాటలా ఊగుతుంది, దాని కింద యంత్రం హిప్‌హాప్ దరువు కొడుతుంది, మారిసోల్ సగం స్పానిష్‌లో పాడి సగం ఇంగ్లీషులో గబగబా మాటలు విసురుతుంది. పాట మధ్యలో రూబెన్ ఉన్నట్టుండి తల వెనక్కి వేసి ఒక పొడుగాటి కేక పెట్టాడు. అది ఏడుపుతో మొదలై నవ్వుగా తేలింది. ఆయనకు కరెంటు షాకు కొట్టిందనుకుని నేను స్టేజీ మొత్తానికి కరెంటు తీసేశాను.

అది షాకు కాదు, గ్రీతో అంటారు, సంతోషమో దుఃఖమో పట్టలేనప్పుడు వేసే కేక అని మారిసోల్ ఓపిగ్గా చెప్పింది. సరే అన్నాను. తర్వాత నుంచి కరెంటు తీయలేదు. ఆయన నోరు తెరుస్తుండగానే మైకు తగ్గించేసేవాణ్ణి. సౌండు శుభ్రంగా ఉండాలి కదా. ఆ పెద్దాయన కేక వేయడం, ఆ కేక ఎక్కడికీ పోకపోవడం, మూడు శనివారాలు అదే నడిచింది. నబీల్ అయితే తన డబ్బా మీట పూర్తిగా కుడికి తిప్పి, ‘కొంచెం మెక్సికన్ అయింది, కానీ చాలదు’ అన్నాడు.

నా తీర్పు

ఫిర్యాదులు వచ్చాయి. టోపీలవాళ్ళు ఏరీ అని గిరాకీలు అడిగారు. అర్బాబ్ నన్ను ఆఫీసుకు పిలిచి, చాయ్ ఇప్పించి, హిందీలో అడిగాడు. రెండేళ్ళుగా మెక్సికన్ సంగీతానికి సౌండు చూస్తున్నది నువ్వే కదా, చెప్పు, వీళ్ళు అసలేనా?

కాస్త ఆగి ఆలోచించండి. జగిత్యాల మనిషిని, మెక్సికో ఏ దిక్కున ఉందో తెలియనివాణ్ణి, మెట్‌పల్లి మనిషి పెదవులు కదుపుతుంటే ట్రాకు వేసినవాణ్ణి. నాకు తెలియదు అర్బాబ్ అంటే సరిపోయేది. కానీ ఎవరైనా పెద్దమనిషి మనల్ని నిపుణుడు అన్నాడంటే మనకు కొమ్ములొస్తాయి.

‘కలిపిన సరుకు అర్బాబ్. అసల్ది కాదు’ అన్నాను.

ఎందుకన్నానో దాచను. సగం నిజంగానే అట్లా అనుకున్నాను. పాతదంటే పాతదిగా ఉండాలి, డబ్బా దరువులు కలిపితే అది చెడిపోయినట్టే అని నా లెక్క. మిగతా సగం గంగారాం కోసం. ఒక రెస్టారెంటులో రెండు బృందాలు ఎన్నాళ్ళో సాగవు, వీళ్ళు కుదురుకుంటే మావాడు ఆవిరి దగ్గరికి పోతాడు. మనవాడికి మేలు చేస్తున్నాననుకుంటూ ఇంకొకరి కూట్లో మన్ను పోశాను.

అర్బాబ్ దయగలవాడు కనుక ఒక వారం గడువిచ్చాడు. కొత్తవాళ్ళు పాతవాళ్ళ దగ్గర పని నేర్చుకుని, వచ్చే శనివారం అచ్చం అట్లాగే చేసి చూపించాలి. చేస్తే ఏడాది కాంట్రాక్టు, లేకపోతే విమానం టికెట్.

లాండ్రీలో మెక్సికో

అట్లా మెట్‌పల్లి గంగారాం, మెక్సికో వంశంవాళ్ళకు మెక్సికన్‌గా ఉండటం నేర్పాడు. స్థలం లాండ్రీ, సమయం మధ్యాహ్నం భోజనం తర్వాత, దుబాసీని నేను.

గంగారాం మంచి గురువు. టోపీ కుడి కనుబొమ్మ మీదికి వాలాలన్నాడు. వయొలిన్ వచ్చినప్పుడు చెయ్యి గుండెకు, ట్రంపెట్ వచ్చినప్పుడు గడ్డం పైకి. రూబెన్ పొల్లు పోకుండా నేర్చుకున్నాడు, ఎక్కడా నవ్వలేదు. ఒకచోట మాత్రం ఆయన చెయ్యి పట్టుకుని సరిచేస్తూ గంగారాం ఆగిపోయాడు. అరచేతులు తిప్పి చూశాడు. కమిలి, పగిలి, తారు మరకలు చర్మంలోకి దిగి ఉన్నాయి.

‘గీ పెద్దమనిషి ఏం పని జేస్తడే అన్నా?’ అని నన్నడిగాడు. చెప్పాను. ఎండాకాలం కప్పు మీద ఎంత వేడి ఉంటుందని రూబెన్‌ను అడగమన్నాడు. రూబెన్ తన మోకాళ్ళ మీద కాలిన మచ్చలు చూపించాడు. గంగారాం లుంగీ పైకి తీసి తన మోకాళ్ళ మచ్చలు చూపించాడు. కాసేపు ఇద్దరూ మోకాళ్ళు చూసుకుంటూ కూర్చున్నారు.

మీ ఊళ్ళో పెళ్ళిళ్ళకు ఏం వాయిస్తారని మారిసోల్ అడిగింది. గంగారాం తన అన్న బిడ్డ పెళ్ళి బరాత్ ఊరేగింపు వీడియో ఫోన్లో పెట్టాడు. రంగు లైట్ల డీజే బండి, దాని ముందు డప్పులు, డీజే దరువు మీద డప్పుల దరువు, దుమ్ములో ఎగురుతున్న జనం. ఆమె ఆ వీడియో మూడుసార్లు పెట్టించుకుని చూసింది. కాలు దానంతటదే కదులుతోంది. ఇందులో ఏది అసలుది, డీజేనా డప్పా అని అడిగింది.

గంగారాంకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. ‘గట్ల ఎవలు అడుగరమ్మా. డప్పు లేకుంటె పెండ్లి గాదంటరు, డీజే లేకున్నా పెండ్లి గాదంటరు. రెండుంటెనే పెండ్లి.’

నేను దాన్ని ఇంగ్లీషులో చెబుతూ చెబుతూ మధ్యలోనే తడబడ్డాను. మారిసోల్ నా మొహంలోకి చూసి, మీరు అర్బాబ్‌తో మాది కలిపిన సరుకని చెప్పారట కదా అంది. కోపంగా అనలేదు. ఈ అకార్డియన్ టెక్సాస్‌కు జర్మనీ రైతులతో వచ్చిందట. వీళ్ళ పెద్దలు పక్క చేలో విని, నచ్చి, తమ పాటలకు తెచ్చుకున్నారు. అప్పుడూ ఎవరో ఒకరు ఇది మనది కాదు అనే ఉంటారు. తాత దాంతో పాడాడు, తను బడి బస్సులో హిప్‌హాప్ వింటూ పెరిగింది.

‘ఇందులో ఏది తీసేస్తే నేను అసలుదాన్ని అవుతానో చెప్పండి సత్తయ్యా, తీసేస్తాను’ అంది.

నాకు సిగ్గేసింది. జగిత్యాలలో అలాంటి బరాత్‌లకు లైట్లు, తీగలు కట్టినవాణ్ణే నేను. ఏ పెళ్ళికొడుకు తండ్రినీ ఇది కలిపిన సరుకు అనలేదు. మన ఇంట్లో జరిగితే పెళ్ళి, పక్కవాడి ఇంట్లో జరిగితే కల్తీ. నా వృత్తిలో నేను చేసిన తప్పు ఇదే. తీగలు తప్పుగా కలపడం, స్పీకర్లు కాల్చడం లాంటివి కూడా చేశాను, అవి లెక్కలోకి రావు.

పరీక్ష

శనివారం అర్బాబ్ కుటుంబంతో వచ్చి మధ్య టేబులు దగ్గర కూర్చున్నాడు. గంగారాం ముఠాను టోపీలతో, మెక్సికన్ బట్టలతో మూల టేబులు దగ్గర కూర్చోబెట్టారు, కొత్తవాళ్ళు మరిచిపోతే చూసి చేయడానికి. నేను ట్రాకు వేశాను. రూబెన్ టోపీ కుడి కనుబొమ్మ మీద ఉంది. వయొలిన్ ఏడ్చింది. నలభై ఏళ్ళు తీగలు మీటిన మనిషి గుండె మీద చెయ్యి వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. చప్పట్లు మోగాయి. నబీల్ నాకు బొటనవేలు చూపించాడు.

నేను రెండో పాట వేయలేదు. ట్రాకు మీట కిందికి లాగేసి, వాళ్ళిద్దరి మైకులు తెరిచాను. ధైర్యం అని రాస్తే అబద్ధం. హాలు నిశ్శబ్దమైపోయింది. మారిసోల్ నా వైపు చూసింది. నేను తలూపాను. ఆమె టోపీ తీసి పక్కన పెట్టి, కాలితో దరువు మొదలుపెట్టింది.

నబీల్ పరుగున వచ్చి తన డబ్బా మీద పడ్డాడు. మీట ఎడమకు తిప్పాడు, ఇంకా తిప్పాడు, రెండు చేతులతో తిప్పాడు. చివరికి అది ఊడి చేతిలోకి వచ్చింది. పాట తగ్గలేదు. ఆయన ఆ మీటను పట్టుకుని, ఏం చేయాలో తోచక అట్లాగే నిలబడిపోయాడు.

పాట మధ్యలో రూబెన్ తల వెనక్కి వేశాడు. ఈసారి నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను. ఆ కేక హాలంతా తిరిగింది. అది పూర్తిగా ఆగకముందే మూల టేబులు నుంచి ఇంకో కేక లేచింది. డప్పుల ముందు ఎగిరేవాడు వేసే కేక అది, మా వైపు ఎవరికైనా తెలుసు. గంగారాం లేచి నిలబడ్డాడు, టోపీ పడిపోయింది. తనకు తెలియకుండానే వేశానని తర్వాత చెప్పాడు.

పాట అయ్యాక అర్బాబ్ లేచి మూల టేబులు దగ్గరికి నడిచాడు. ఇక నన్ను అడగదలుచుకోలేదు. రెండేళ్ళుగా తెలిసిన మెక్సికన్ ఎదురుగా ఉండగా సౌండువాణ్ణి ఎందుకు అడుగుతాడు? గంగారాం భుజం మీద చెయ్యి వేసి, నువ్వు ఆ దేశంవాడివి, నువ్వే చెప్పు, ఇది మీ పాటేనా అని హిందీలో అడిగాడు. మెక్సికో మనిషిని హిందీలో అడగడం అక్కడ ఎవరికీ వింతగా తోచలేదు.

గంగారాం స్టేజీ వైపు చూశాడు. కాదు అంటే అతని టోపీ, అతని ఏసీ అతనికే ఉంటాయి. అది అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

‘మా ఇంటి పాటే అర్బాబ్’ అన్నాడు.

మెక్సికోకు వీడ్కోలు

కాంట్రాక్టు ఆ మధ్యాహ్నమే కుదిరింది. ఒక రెస్టారెంటుకు రెండు బృందాలెందుకని, పాతవాళ్ళను గౌరవంగా పంపించమన్నాడు అర్బాబ్. ఇంకో కళాకారుణ్ణి మెచ్చుకున్న నిజాయితీపరుడు కనుక లీడరుకు వీడ్కోలు సభ కూడా చేయమన్నాడు. చేశారు. కేకు మీద మెక్సికో జెండా వేయించారు. గంగారాం కేకు కోశాడు, అర్బాబ్ అతన్ని కౌగిలించుకుని, మీ దేశం వెళ్ళాక మమ్మల్ని మరిచిపోవద్దన్నాడు. మర్నాడు పొద్దున ఆరింటికి గంగారాం లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతున్నాడు.

అక్కడితో అయిపోలేదు. అర్బాబ్ లెక్క ప్రకారం అతను మెక్సికోలో ఉన్నాడు. అందుకని ఆయన కారు గేటులోకి వచ్చినప్పుడల్లా సెక్యూరిటీవాడు లాండ్రీకి ఫోను చేయాలి, గంగారాం దుప్పట్ల బండ్ల వెనక్కి వెళ్ళి నిలబడాలి. ఏడాది పొడుగునా అదే పద్ధతి. మీసం తీసేయమని నబీల్ సలహా ఇచ్చాడు, ఇతను ఒప్పుకోలేదు.

ఒకరోజు అట్లా ఫోను వచ్చినప్పుడు నేనూ లాండ్రీలోనే ఉన్నాను. ఇద్దరం బండ్ల వెనక నిలబడ్డాం. పైన రెస్టారెంటులో రూబెన్ తీగలు సరిచేసుకుంటున్న చప్పుడు సన్నగా వినిపిస్తోంది. చాలా రోజులుగా మనసులో ఉన్నది అప్పుడు అడిగాను. కాదు అంటే సరిపోయేది గదా తమ్మీ, ఎందుకట్ల చెప్పినవ్ అని.

గంగారాం మెడ మీద చెమట తుడుచుకున్నాడు.

‘ఉమ్ అల్ క్వైన్ల ఎండకు రేకులెక్కినోన్ని నేను. నాది ఇప్పుడు నీడ పట్టున పనే గదన్నా. గాయిన అరవై దాటినోడు. నువ్వు ఒకపారి కాదంటివి. నేను గూడ కాదంటె, గాయిన మళ్ళ కప్పు మీదికెక్కాలె.’